మాస్టారి తోడు

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. "ఆ వెల్లుల్లి వలిచిపెట్టు" అంటారు. లేదా "కిటికీ తీసి గాలి ఎటు వీస్తోందో చూడు" అంటారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరు అడిగింది మరచిపోతారు. కొందరికి జవాబు దొరికినట్టే ఉంటుంది గాని, ఏమిటది అంటే చెప్పలేరు. అలా చెప్పలేని వాళ్లంటేనే మాస్టారికి కాస్త ఎక్కువ ఇష్టమని శిష్యులలో ఒక అనుమానం.

న్యూజిలాండు దక్షిణ కొసన, గాలి ఆగని ఒక రేవు పట్టణంలో ఆయన చాలా ఏళ్లు తత్త్వశాస్త్రం బోధించి ఉద్యోగం విరమించారు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు, ఊళ్లోని కొద్దిమంది తెలుగువాళ్లను తన వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టి తర్కం చెబుతారు. తర్కం ఒక గంట. ఆ తరువాత పిజ్జా. పిజ్జాకు అంగడిలో దొరికే ఈస్టు వాడరు. ఇంట్లో పులిసిన పిండితో, తన చేత్తో తానే కలుపుతారు. తర్కం కోసం వచ్చేవాళ్లు ఎందరో, పిజ్జా కోసం వచ్చేవాళ్లు ఎందరో ఆయన ఏనాడూ విచారించలేదు.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పడానికి ముందు ఏమేమి సరిచూసుకోవాలో గంటసేపు శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లే, పిజ్జా ముక్క చేతికి రాగానే ఆ సరిచూడటాలన్నీ బల్ల కింద వదిలేసేవారు. పాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న పట్టాభి, "నాకొక్క ఏడాది అధికారం ఇచ్చి చూడండి. కోర్టుల్లో వాయిదా అన్న మాటే వినిపించకుండా చేస్తాను" అనేవాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే సుభాషిణి, "ముందు నీ నోటికి ఒక వాయిదా ఇప్పిద్దాం పట్టాభీ, ఆ ముక్క మింగు" అనేది. అక్కడి ప్రభుత్వం, ఇక్కడి ప్రభుత్వం, పన్నులు, శిక్షలు, ఎన్నికలు అన్నీ చీజుతో పాటు సాగి సాగి తెగేవి. మాస్టారు అన్నీ వింటూ పొయ్యి దగ్గర నిలబడేవారు.

ఆ శనివారం ప్రశ్న అడిగింది హైమ. ఆమె ఆ తరగతిలో చేరి ఆరు నెలలు కాలేదు. జాగ్రత్త ఎక్కువైన మనిషి. పిల్లల బడినుంచి ఏ కబురొచ్చినా రెండుసార్లు చదివి, అర్థమైనా సరే మూడోసారి చదివేది. టీచరుతో మాట్లాడవలసి వస్తే అనబోయే వాక్యాలు స్నానాల గదిలో అద్దం ముందు ఒకసారి అని చూసుకునేది. మన మాట వినబడని ఊళ్లో పిల్లల్ని పెంచుతున్నాం, ఎక్కడ ఏది వంకరగా నేర్చుకుంటారోనని ఆమెకు భయం. ఆ రోజు పిజ్జా ముక్క పళ్లెంలో అలాగే ఉంది, ఆమె ముట్టలేదు.

"మాస్టారూ, పిల్లల ముందు చట్టాల గురించీ రాజకీయాల గురించీ మాట్లాడవచ్చా, కూడదా?"

"ఏం జరిగిందమ్మా?" అన్నారు మాస్టారు.

జరిగింది ఇది. హైమ భర్త ముకుంద్ తోటలో ఒక మూల చిన్న షెడ్డు కట్టుకోవాలని పురపాలక కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నాడు. అది తిరిగివచ్చింది. సవరించి మళ్లీ పెడితే మళ్లీ తిరిగివచ్చింది. ఈలోగా కంచె అవతలి ఇంటివాళ్లు తమ తోటలో అంతకంటే పెద్ద షెడ్డే లేపారు. ఆ ఇంటావిడ రూత్ పనిచేసేది ఆ కార్యాలయంలోనే. ఒక సాయంత్రం భోజనాల దగ్గర ముకుంద్ కిటికీలోంచి ఆ కొత్త రేకులు చూస్తూ, పప్పన్నం కలుపుకుంటూ, "మనకైతే చట్టం. వాళ్లకైతే చుట్టం" అన్నాడు. అని నవ్వాడు. హైమా నవ్వింది. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నారు ఇద్దరూ.

రూత్ కూతురు ఎల్సీ, హైమ కూతురు విదుల ఒకే తరగతి. కంచెలో ఒక పలక ఊడితే దాన్ని బాగుచేయనివ్వకుండా ఇద్దరూ దారి చేసుకున్నారు. విదులకు ఆ ఊళ్లో ఉన్న స్నేహం అదొక్కటే. బడిలో చట్టాలు ఎలా పుడతాయో పాఠం జరుగుతుంటే, టీచరు ఎవరికేం తెలుసో చెప్పమంది. విదుల చెయ్యెత్తి, ఎంతో ఉత్సాహంగా, "ఎల్సీ వాళ్లింట్లో చట్టం వాళ్ల బంధువు. మా నాన్న చెప్పారు" అంది ఇంగ్లీషులో. తరగతిలో కొందరు నవ్వారు. ఎల్సీ ఏడ్చింది. ఆనాటి నుంచి కంచె సందులోంచి ఎవరూ రావడం లేదు. అవతలి వైపునుంచి ఎవరో ఆ సందుకు ఒక పూలకుండీ అడ్డం పెట్టారు.

"ఎందుకలా అన్నావే అంటే," అంది హైమ, "'నాన్న అన్నదే అన్నానమ్మా, ఒక్క ముక్క కూడా కలపలేదు' అంటుంది. అది నిజమే కదా మాస్టారూ! దాన్నేమనాలి? ఆయన్నేమనాలి? నేనూ నవ్వాను కదా, నన్నేమనాలి?"

"మాట్లాడకూడదు. పిల్లలు పక్క గదిలోకి వెళ్లాకే మాట్లాడాలి" అన్నాడు పట్టాభి.

"భలే చెప్పావు. గోడ అవతలినుంచి సగమే వింటారు, ఇంకా ప్రమాదం. అన్నీ వాళ్ల ముందే మాట్లాడాలి, మంచీ చెడ్డా తెలుస్తుంది" అంది సుభాషిణి.

ఇద్దరి మాటా హైమకు సరిగ్గానే తోచింది. అదే ఆమె బాధ. మాస్టారు చేతులు తుడుచుకుని అల్మరాలోంచి ఒక గాజు సీసా తీసి, పాత తువ్వాలులో చుట్టి ఆమె ఒడిలో పెట్టారు.

"నా మోచెయ్యి పట్టేసిందమ్మా, వారం దాకా పిండి పిసకలేను. ఈసారి పిండి నువ్వు కలుపుకురా. మైదాలో తోడు వేసి, ఉప్పు వేసి, బాగా మర్దించి, రాత్రంతా వెచ్చటి చోట ఉంచి తీసుకురా. మనం అందరం తినేది, జాగ్రత్త."

జాగ్రత్త అన్న మాట ఆయన హైమతో అనవలసిన పనే లేదు.

ఆ వారం హైమ ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. భోజనాల బల్ల దగ్గర ఎవరి గురించీ, ఏ కార్యాలయం గురించీ, ఏ పార్టీ గురించీ మాట రాకూడదు. ముకుంద్ పాపం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక అతని దగ్గర మాట్లాడటానికి వాతావరణం తప్ప ఏమీ మిగల్లేదు, ఆ ఊళ్లో వాతావరణమూ ఒకేలా ఉంటుంది. చెంచాల చప్పుడు వినిపించేది. రెండు మూడు పూటలు అలా గడిచాక విదుల అన్నం కెలుకుతూ అడిగింది: "అమ్మా, నాన్న మాట్లాడటం మానేసింది నా వల్లేనా?" హైమ దాని పళ్లెంలో కాస్త నెయ్యి వేసింది. మాట్లాడితే ఒక తప్పు పుట్టింది. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకొకటి పుట్టేలా ఉంది. కాదమ్మా అని చెప్పింది గాని, ఆ కాదు ఆమెకే నమ్మేలా వినిపించలేదు.

సీసా విషయానికొస్తే, పిల్లలున్న ఇళ్లకు మాస్టారి భార్య కామాక్షమ్మగారు అప్పుడప్పుడు దోసెల పిండి పంపడం అలవాటు. హైమ మూత తీసి చూసింది. తెల్లగా, బుడగలు బుడగలుగా, పుల్లటి వాసన. ఆవిడ దయకు మనసులోనే దణ్ణం పెట్టుకుని పెనం మీద పోసింది. అట్టు ఒకటికి రెండుసార్లు పెనానికి అంటుకుంది. ముకుంద్ తిని, "కామాక్షమ్మగారి పిండి ఈసారి బాగా పులిసింది. పుల్లట్లలా ఉన్నాయి. ఇంకోటి వెయ్యి" అన్నాడు. పిల్ల అల్లప్పచ్చడితో తింది. సీసా ఖాళీ అయింది. ఇచ్చినవాళ్ల గిన్నె శుభ్రంగా తిరిగివ్వడం హైమ తల్లి నేర్పిన మర్యాద. అంచుకు అంటిన దాన్ని కూడా వేలితో తీసి, సబ్బుతో ఒకసారి, మరిగే నీళ్లతో ఒకసారి కడిగి బోర్లించింది.

శుక్రవారం మైదా కొలిచి గిన్నెలో పోసింది. తోడు వేయమన్నారు. పిజ్జాలో తోడేమిటా అని ఒక్క క్షణం ఆగింది. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. తోడంటే ఏమిటని అడిగితే, పాలు తోడువేయడం తెలియని ఆడపిల్ల ఉంటుందా అని నవ్వుతారేమో! నాన్ రొట్టెల్లో పెరుగు వేస్తారు కదా, ఇదీ అలాంటిదేననుకుని ఫోను పెట్టేసింది. ఇంట్లో ఉన్న పెరుగులో గడ్డగా ఉన్న మీగడ వైపునుంచి రెండు గరిటెలు వేసింది. ఉప్పు వేసింది. చేతులు లాగేదాకా పిసికింది. ఆ చలి ఊళ్లో ఆమె పాలు తోడుపెట్టేది ఇంటికి వేడినీళ్లిచ్చే సిలిండరు ఉన్న అల్మరాలో, ఉతికిన దుప్పట్ల మధ్య. పిండి గిన్నెను కూడా అక్కడే, పెరుగు గిన్నె పక్కన, అక్కాచెల్లెళ్లలా పెట్టి తలుపు వేసింది.

శనివారం మాస్టారింట్లో గిన్నె మూత తీసేసరికి అందరూ బల్ల చుట్టూ చేరారు. పిండి పొంగలేదు. చల్లారిన హల్వాలా గిన్నె అడుగున ఒద్దికగా కూర్చుని ఉంది. మాస్టారు వేలితో నొక్కారు. నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది. ఆయన వంగి వాసన చూశారు. మళ్లీ చూశారు.

"హైమమ్మా, ఇందులో ఏం వేశావు?"

"తోడు వేశాను మాస్టారూ."

"ఏ తోడు?"

"మా ఇంటి పెరుగే. పుల్లటిది కాదు, తాజాది."

మాస్టారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. "మరి నేనిచ్చిన సీసా?"

"దోసెలు పోశానండీ" అంది హైమ, ఇంకా అర్థం కాక. "చాలా బాగున్నాయి. కాస్త పులుపు, అంతే."

పట్టాభి కుర్చీలోంచి జారి, బల్ల అంచు పట్టుకుని నవ్వాడు. సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సీసాలోది పిజ్జా పిండికి వేసే పులిపిండి అనీ, మాస్టారు దాన్నే తోడు అంటారనీ, ఏళ్ల తరబడి దానికి రోజూ కాస్త పిండీ నీళ్లూ పోసి బతికిస్తున్నారనీ, చెయ్యి పట్టేసి దాన్ని కూడా చూసుకోలేనని ఉన్నదంతా ఆమెకే ఇచ్చారనీ, నవ్వుల మధ్య ముక్కలు ముక్కలుగా హైమకు తెలిసింది. ఆమె లేచి నిలబడింది.

"మాస్టారూ, నేను మీరన్నట్టే చేశాను! తోడు అన్నారు, తోడే వేశాను. ఒక్క ముక్క కూడా నా సొంతంగా..."

అక్కడ ఆమె ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడ విన్నదీ గుర్తుకొచ్చాక తల ఎత్తలేకపోయింది.

మాస్టారు మాత్రం కోప్పడలేదు. ఆ పిండినే చేత్తో సాగదీసి, టమాటా రాసి, చీజు చల్లి కాల్చారు. అది పిజ్జా కాలేదు, రొట్టె కూడా కాలేదు. అయినా ఎవరూ మిగల్చలేదు. ఒక పెద్ద ముక్క మాత్రం మాస్టారు కాగితంలో చుట్టి హైమకిచ్చారు.

"మీ కంచె అవతల ఇవ్వు. దీని కథ చెప్పి మరీ ఇవ్వు."

ఆదివారం హైమ అద్దం ముందు వాక్యాలు అని చూసుకుని, పక్కింటి తలుపు కొట్టింది. రూత్ తలుపు సగమే తీసింది. హైమ పెరుగు కథ చెప్పింది, దోసెల కథ చెప్పింది. రూత్ పెదవులు కదిలాయి గాని నవ్వు దాకా రాలేదు. అప్పుడు హైమ అసలు సంగతికొచ్చింది. మా భాషలో చట్టాన్ని ఇలా రాస్తాం, దానికొక కొమ్ము తగిలిస్తే బంధువు అవుతుంది, అది మాటల సరదా, పిల్లకు ఆ సరదా తెలియదు అని, అరచేతిలో వేలితో రాసి చూపించింది. రూత్ ఆ అరచేతి వంక శ్రద్ధగా చూసింది.

"మాట తమాషాగానే ఉంది. కానీ మీ ఆయన అలా అనుకున్నారా, లేదా?"

హైమ వల్లెవేసిన వాక్యాలలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఊరికే అన్నారు అని చెప్పాలనుకుంది. ఊరికే అన్న మాటకు ఎంత వెతికినా ఆమెకు ఇంగ్లీషు దొరకలేదు. చివరికి, "ఏమీ లేకుండా అన్నారు" అంది.

"ఏమీ లేకుండా మనిషి ఒక మాట ఎందుకంటాడు?" అంది రూత్. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. మళ్లీ తనే అంది: "మా షెడ్డు అర్జీ వచ్చిన రోజు నేను గది బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను. మా ఇంటి సంగతి వస్తే నిర్ణయం అయ్యేదాకా మేం అలా బయట కూర్చోవాలి. చలిగా ఉండింది." అని పిజ్జా ముక్క అందుకుంది. ఆమె వెనక, మెట్ల మీద, ఎల్సీ మోకాళ్లు మాత్రం కనిపించాయి.

హైమ ఇంటికొచ్చి అదంతా భర్తకు చెప్పింది. ముకుంద్ "కూర్చుందేమోలే" అనబోయి, భార్య ముఖం చూసి ఆపేశాడు. మరునాడు పని నుంచి వస్తూనే బూట్లయినా విప్పకుండా కంచె దగ్గరికి వెళ్లాడు. హైమ కిటికీలోంచి చూసింది. అతను తల గోక్కోవడం కనిపించింది, మాటలు వినిపించలేదు.

"ఏమన్నారండీ?" అంది లోపలికి రాగానే.

"తెలియదన్నాను."

"ఏది తెలియదని?"

"ఏదీ. వాళ్లది ఎలా వచ్చిందో తెలియదు, మనది ఎందుకు తిరిగొచ్చిందో తెలియదు. రెండూ తెలియకుండానే ఆ మాట అన్నానని చెప్పాను." అతను నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "చెప్పడానికి మహా కష్టంగా ఉంది హైమా. అనేటప్పుడు ఎంత సులువుగా వచ్చిందో!"

ఆ వారంలోనే ఒక సాయంత్రం పూలకుండీ పక్కకు జరిగింది. కంచె సందులోంచి ముందు ఒక కాలు వచ్చింది, చాలాసేపు ఆ కాలు ఒక్కటే ఉంది, తరువాత ఎల్సీ వచ్చింది. ఆడుకుని, మంచినీళ్లు తాగి, వెళ్లిపోయింది. విదుల వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఎల్సీ అడుగుతోంది, తను మనకు చుట్టమా అని. ఏం చెప్పను?" హైమ అవునని చెబుదామనుకుంది. అంతలో ఈ మాట రేపు తరగతిలో ఏ రూపంలో లేస్తుందోనని భయం వేసింది. కాదందామంటే పిల్లల ముఖాలు గుర్తొచ్చాయి. "రేపు చెబుతాను" అని అప్పటికి తప్పించుకుంది.

మూడో శనివారం ముకుంద్ కూడా తరగతికి వచ్చాడు. సంకోచంగా బల్ల చివర కూర్చున్నాడు. హైమ కడిగిన సీసాను రెండు చేతులతో మాస్టారి ముందు పెట్టింది. అది తళతళలాడుతోంది.

"మాస్టారూ, నేను మళ్లీ అదే అడుగుతున్నాను. కోప్పడకండి. మాట్లాడితే ఒకటైంది, మానేస్తే ఇంకొకటయ్యేలా ఉంది. పిల్లల ముందు మాట్లాడాలా, వద్దా?"

"వద్దనే నేనంటా" అన్నాడు పట్టాభి.

"ముందు ఆ మాట నీకు నువ్వు చెప్పుకో" అంది సుభాషిణి.

ముకుంద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "తప్పంతా నాదేనండీ మాస్టారూ. కాకపోతే నేను నిజంగా ఊరికే అన్నానండీ. మనసులో ఏమీ పెట్టుకుని కాదు. అన్నం తింటూ, ఊరికే."

మాస్టారు తల ఊపారు. సీసా మూత తీశారు. అందులో గుప్పెడు పిండి వేశారు, కుళాయి కింద పట్టి కాసిని నీళ్లు పోశారు, చెంచా వెనక్కి తిప్పి కాడతో కలిపారు. మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకున్నారు. హైమ ఆ సీసా వంకే చూస్తోంది. తన వల్ల పోయినది మళ్లీ మొదలవుతోందని ఆమెకు అర్థమైంది. కానీ ఏదో తక్కువైంది. చూసి ఊరుకోవడం ఆమె స్వభావంలో లేదు.

"మాస్టారూ, తోడు వేయడం మరచిపోయారు."

మాస్టారు ముకుంద్ వైపు ఒకసారి చూశారు.

"అక్కర్లేదమ్మా. పులవడానికి ఊరికే ఉంచితే చాలు."